పోయిన ఎండాకాలం నీళ్లు

బ్యాకప్ అన్న మాట వింటే నాకు ఇప్పటికీ కుంకుమ గుర్తుకొస్తుంది. కంప్యూటర్ల మధ్యే పుట్టి పెరిగిన మీకు ఈ సంగతి చెబితే నవ్వుతారు. నవ్వండి, ఏమనుకోను. నాకైతే దాని మీద నవ్వు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

నల్లగొండలో తాగునీళ్లు పరీక్ష చేసే ఒక చిన్న ల్యాబులో కెమిస్టుగా ఎనభైలలో చేరాను. అక్కడే జుట్టు నెరిసింది, అక్కడే రిటైరయ్యాను. ఊళ్ల నుంచి బోరింగు నీళ్లు సీసాల్లో వచ్చేవి. వాటిలో ఫ్లోరైడ్ ఎంతుందో చూసి చెప్పడం మా పని. ఎర్రటి మందు ఒకటి కలుపుతాం. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఆ ఎరుపు అంతగా వెలిసిపోతుంది. ఎరుపు నిలిచిందంటే ఆ ఊరి అదృష్టం. మాకు వచ్చే సీసాల్లో ఎరుపు నిలిచేవి తక్కువే. ఆ నీళ్లే తాగి నడుములు వంగినవాళ్లు, చిన్న వయసులోనే కర్ర పట్టినవాళ్లు మా ల్యాబు వరండాలో కూర్చుని ఫలితం కోసం చూసేవాళ్లు. లోపల పరీక్షనాళిక పట్టుకున్న నాకు వాళ్ల దగ్గు వినపడుతూ ఉండేది.

ల్యాబులో ముగ్గురమే. ఒకరు మా పైఅధికారి, కృష్ణా జిల్లా మనిషి, నోరు తప్ప మిగతాదంతా మెత్తన. రెండోవాణ్ణి నేను. మూడో మనిషి ఊరూరా తిరిగి సీసాలు తెచ్చే అటెండరు. మేం భాయ్ అనే పిలిచేవాళ్లం. వాళ్ల నాయిన వెనకటికి ఏదో సర్కారు కచేరీలో లక్క ముద్రలు వేసే పని చేశాడట. ఆ సంస్కారం కొడుకుకూ అబ్బింది. లక్క వేసి ముద్ర కొట్టందే ఏ వస్తువునూ ఆయన నమ్మడు. నీళ్లు పట్టిన ప్లాస్టిక్ సీసా మూతికి లక్క కరిగించి పోసి, తన ఉంగరంతో ఒత్తేవాడు. పైగా ఒక్క సీసా పట్టమంటే రెండు పట్టేవాడు. ఒకటి మాకు తెచ్చి, రెండోది ఊళ్లోనే ఎవరికో ఒకరికి అప్పజెప్పేవాడు. బస్సులో సీసా కారిపోతే మళ్లీ అంత దూరం ఎవరు పోతారన్నది ఆయన లెక్క. లక్క ఖర్చు చూసి మా సారు విసుక్కునేవారు. భాయ్ తల ఊపేవాడు, మర్నాడు మళ్లీ రెండు సీసాలకూ లక్క పోసేవాడు.

చౌటుప్పల్ దాటి లోపలికి పోతే ఒక ఊరుంది. అక్కడి అంగన్‌వాడీ టీచరమ్మ మాకు బాగా తెలుసు. సీసా భాయ్ తెచ్చినా ఫలితం కోసం ఆమె స్వయంగా వచ్చేది. ఇద్దరు కొడుకులు. పెద్దవాడి కాళ్లు అప్పటికే మోకాళ్ల దగ్గర వంకరపోయి, గోడ పట్టుకుంటే తప్ప నడవలేడు. చిన్నవాడు అప్పుడే అడుగులు నేర్చాడు. ఒకసారి వరండాలో వాణ్ణి నేల మీద నిలబెట్టి, కాళ్లు తిన్నగా ఉన్నాయా లేదా అని నన్నే చూడమంది. నేను నీళ్లు చూసేవాణ్ణి, కాళ్లు చూసే డాక్టరును కాను. అయినా చూశాను. బాగానే ఉన్నాయన్నాను.

"పెద్దోని కాళ్లు పోయినయి సారూ. చిన్నోనివన్న నిలబడాలె. మంచినీళ్లు ఎప్పుడొస్తయో గది చెప్పుండ్రి" అంది.

తొంభైల చివర్లో ఒక కబురు వచ్చింది. కృష్ణ నీళ్లు గొట్టాల్లో ఊళ్లకు ఇస్తారని, మొదటి విడతలో ఏ ఊళ్లు ఉండాలో మా ఫలితాలను బట్టి తేలుస్తారని. షరతు ఒకటి పెట్టారు. ఎండాకాలం నీళ్లు ఒకసారి, వానలయ్యాక ఒకసారి, రెండుసార్లూ చెడ్డవని తేలిన ఊళ్లకే మొదటి జాబితాలో చోటు. రెండో విడత ఎప్పుడో ఆ చెప్పినవాళ్లకే తెలియదు. టీచరమ్మ ఊరి ఎండాకాలం ఫలితం మా దగ్గర ఉంది, చెడ్డదే. వానల తరవాత ఇంకోటి చేస్తే పనైపోతుంది. ఆ మాట చెబితే ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

ఇక మా ఇంటి కంప్యూటర్ సంగతి. ఆఫీసులోనూ ఒకటి ఉండేది కాని, అది మా సారు గదిలో పూలగుడ్డ కప్పుకుని, చెప్పులు విప్పి లోపలికి వెళ్లి దండం పెట్టుకునే స్థితిలో ఉండేది. దాన్ని ముట్టుకుంటే పాడైపోతుందని అందరికీ భయం. నాకేమో ఆ పిచ్చి పట్టింది. సికింద్రాబాద్ గల్లీల్లో పాత సామాను ఏరి తెచ్చి, పానగల్ రోడ్డులో మా కిరాయి ఇంట్లో ఒక సర్వర్ నిలబెట్టాను. ఒక పత్రికతో పాటు వచ్చిన సీడీలో లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి పైసా కట్టక్కర్లేదు. పైగా ఒకే పెట్టెకు ఇంకో పాత కంప్యూటర్‌ను తీగతో కలిపితే ఇద్దరు ఒకేసారి పనిచేసుకోవచ్చు. సాయంత్రాలు నేనొకవైపు, భాయ్ ఒకవైపు కూర్చుని పాత ఫలితాలన్నీ ఎక్కించాం. భాయ్ రెండు వేళ్లతో, ఒక్కో మీటనూ లక్క ముద్ర ఒత్తినట్టు ఒత్తేవాడు. ఎండాకాలంలో ఇంట్లో ఉన్న ఒక్క ఫ్యానూ ఆ పెట్టెకే పెట్టాను. నా భార్య విసనకర్రతో విసురుకుంటూ మా ఇద్దరికీ చాయ్ ఇచ్చేది. "దానికి చెమట పడ్తదా?" అని ఒక్కసారి అడిగింది, అంతే.

ఊళ్ల ఫలితాలన్నీ అందులోకి ఎక్కాక మా సారు మురిసిపోయారు. ఆ మురిపెంలోనే ల్యాబులో చెదలు పడుతున్న కాగితాలను, ఆ ఎండాకాలంవి కూడా కలిపి, చిత్తు కొనేవాడికి తూకానికి ఇచ్చేశారు. కంప్యూటర్‌లో ఉన్నాయిగా అన్నారు. నేను కాదనలేదు. నాకూ గర్వంగానే ఉంది. పెట్టెను మాత్రం నేను పూర్తిగా నమ్మలేదు. వారం వారం మొత్తం ఫ్లాపీల్లోకి దించి ఒక స్టీలు డబ్బాలో పెట్టేవాణ్ణి. ఒకరోజు నా భార్య అడిగితే ఆ డబ్బా చూపించి, పెట్టె వట్టి డొక్కు, ప్రాణం ఇందులో ఉంది అన్నాను. కథల్లో చిలకలో ప్రాణం దాచిన రాక్షసుడు కూడా ఆ రహస్యం భార్యకు అంత తేలిగ్గా చెప్పి ఉండడు.

దసరా వచ్చింది. పనిముట్లకు పూజ చేసే రోజు. భాయ్ తన స్కూటరు కడిగి తెచ్చి, దానికీ ఓ బొట్టు పెట్టమన్నాడు. నా భార్య స్కూటరుకు పెట్టింది, కత్తిపీటకు పెట్టింది, సర్వర్ పెట్టెకు పెట్టింది. నేను కొబ్బరికాయ దూరంగా గడప దగ్గర కొట్టించి, నీళ్లు పెట్టె మీద పడకుండా కాపాడానని సంతోషపడ్డాను. స్టీలు డబ్బా సంగతి నాకు తట్టలేదు.

పండగ వెళ్లిన వారానికి ఓ సాయంత్రం ఉరుములతో వాన పడింది. బల్బు ఒక్కసారి భగ్గుమని వెలిగి ఆరిపోయింది. కరెంటు వచ్చాక సర్వర్ లేవలేదు. లోపల డిస్కు టక్కు టక్కుమని కొట్టుకుంటూనే ఉంది. నాకు పెద్ద బెంగ పుట్టలేదు. కొత్త డిస్కు తెచ్చి, ఆదివారం పొద్దున్నే భోంచేసి, అదే సీడీతో లినక్స్ మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టాను. అది అడిగే ప్రశ్నలన్నింటికీ జవాబులు చెప్పుకుంటూ పోతే మధ్యాహ్నానికి పెట్టె లేచి నా పేరు అడిగింది. కొత్తగా సున్నం కొట్టిన ఖాళీ ఇంట్లో అడుగుపెట్టినట్టుంది. ఇక సామాను దించుకోవడమే మిగిలింది.

మొదటి ఫ్లాపీ పెట్టాను. కర్రుమని మూలిగింది, చదవలేదు. రెండోది పెట్టాను. అదీ అంతే. మూడోది పెట్టబోతూ చూస్తే దాని మీద అటూ ఇటూ జరిగే రేకు అంచున ఎర్రగా ఉంది. రేకు జరిపాను. లోపల నల్లటి పళ్లెం మీద, తడి చేసి దిద్దిన గుండ్రటి కుంకుమ బొట్టు, చుట్టూ పసుపు. డబ్బాలో ఉన్నవన్నీ తీసి చూశాను. ఒక్కటి కూడా వదలకుండా, ఓపిగ్గా, రేకు జరిపి లోపలే పెట్టింది.

నా భార్యను పిలిచాను. నా ముఖం చూసి ఏదో జరిగిందని ఆమెకు అర్థమైంది.

"పానం దీంట్లనే ఉన్నదని మీరే గద అన్నరు. పానానికి పెట్టకుంట ఉత్త డొక్కుకు పెడ్తనా బొట్టు?" అంది.

ఏమని తిట్టను? నా మాట అక్షరాలా నమ్మిన మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. ఏం పోయిందో నెమ్మదిగా చెప్పాను. ఆమె ఏడ్చింది. పక్కన కూర్చున్నాను, నాకూ ఏడుపొచ్చింది. ఎన్నో ఊళ్ల ఎండాకాలం మొత్తం పోయింది మరి.

మర్నాడు సారుకు చెప్పాను. పెద్దగా అరుస్తారనుకున్నాను. ఆయన లేచి, కాగితాలుండే ఖాళీ బీరువా తలుపు వేసి వచ్చారు. తరవాత, "కాగితాలు అమ్ముకున్నవాణ్ణి నేనేనయ్యా. ఇప్పుడు ఎవరు ఎవర్ని తిట్టాలి?" అన్నారు. జాబితాకు గడువు పెంచమని పైవాళ్లను అడిగారు. కుదరదన్నారు. ఆ సాయంత్రం గడియార స్తంభం దగ్గర బండి మీద మిర్చి బజ్జీలు కొంటే, చుట్టిన కాగితం మాదే. నూనె పీల్చుకున్న అంకెలు ఏ ఊరివో తెలియలేదు. బజ్జీ తిన్నానో లేదో కూడా గుర్తు లేదు.

దారి భాయే చూపించాడు. ప్రతి ఫలితానికీ ఒక చీటీ ఆ ఊరి పంచాయతీకి పంపేవాళ్లం కదా, అవైనా ఉంటాయి కదా అన్నాడు. "ఫికర్ జెయ్యకు సార్. మనం ఊళ్లకిచ్చినం. ఊళ్లనే అడుగుదం" అన్నాడు. మర్నాటి నుంచి ఆయన స్కూటరు మీద ఇద్దరం బయలుదేరాం. మీరు ఇప్పుడు నెట్‌లోంచి దించుకునేది మేం స్కూటరు మీద దించుకున్నాం. ఒక ఊళ్లో చీటీ సర్పంచు ఇనప్పెట్టెలో పట్టా కాగితాలతో భద్రంగా ఉంది. ఒక ఊళ్లో బడి గోడ మీద క్యాలెండరు వెనక దొరికింది. ఇంకో ఊళ్లో ఒక ముసలమ్మ రైక ముడిలోంచి తీసి ఇచ్చింది, అది మందుల చీటీ అనుకుని దాచుకుందట. పోతూ పోతూ వానల తరవాతి నీళ్లూ పట్టుకున్నాం. తిరిగొచ్చి ఆ చీటీలు సర్వర్‌లోకి ఎక్కించేవాళ్లం. నా భార్య చదివేది, భాయ్ ఒత్తేవాడు. ఇల్లు కొంచెం కొంచెంగా నిండింది.

గడువు దగ్గరపడ్డాక టీచరమ్మ ఊరు మిగిలింది. దాన్ని కావాలనే చివర ఉంచలేదు, దారి అలా పడింది. పంచాయతీలో చీటీ అడిగితే సర్పంచు తల దించుకున్నాడు.

"కాలవెట్టిన సారూ. గా కాయితం గోడకున్నన్ని రోజులు మా ఊరికి పిల్లనిచ్చెటోడు లేకుండె. చూడవచ్చినోళ్లు చదువుకోని వాపసు పోయిన్రు. ఊరోళ్లందరు తీసెయ్యమన్నరు" అన్నాడు.

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఆయన పళ్లూ ఆ నీళ్లకే పసుపుపచ్చగా మారి ఉన్నాయి. మేం వచ్చామని తెలిసి టీచరమ్మ అంగన్‌వాడీలో పిల్లలను వదిలి వచ్చింది. జరిగింది చెప్పాను. ఈరోజు నీళ్లు పట్టుకుపోతాను, అవి చెడ్డవనే తేలుతాయి, కాని ఎండాకాలం ఫలితం లేకుండా మీ ఊరు జాబితాలోకి ఎక్కదు అన్నాను. ఫలితం నాకు గుర్తుంది, కాని నా గుర్తును ఎవరూ లెక్కపెట్టరు.

"పోయిన ఎండాకాలం నీళ్లు నేనెక్కణ్ణించి తెచ్చేదమ్మా?" అన్నాను. చేతకాక అన్న మాట అది.

ఆమె నన్ను అదోలా చూసింది. "మీకు కాయితం గావాల్నా, నీళ్లు గావాల్నా?" అని అడిగింది.

నీళ్లుంటే కాగితం నేనే రాసుకుంటాను అన్నాను. ఆమె పక్కనే ఉన్న అంగన్‌వాడీలోకి వెళ్లింది. పప్పు మూటలు జరుపుతున్న చప్పుడైంది. సీసా పట్టుకుని వచ్చింది. మూతికి లక్క అలాగే ఉంది, దాని మీద ఉంగరం గుర్తు అలాగే ఉంది. పక్కన అంటించిన చీటీ మీద ఊరు, బోరింగు ఉన్న చోటు, తేదీ, అంతా భాయ్ దస్తూరి. భాయ్ దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. ఆయన అన్ని ఊళ్లలోనూ రెండో సీసా అప్పజెప్పాడు. మేం తిరిగిన ఊళ్లలో ఆ సీసాలను చూస్తూనే వచ్చాం. ఒకదాంట్లో దీపాల గ్యాసునూనె, ఒకదాంట్లో ఆముదం, ఒకదాంట్లో బీరవిత్తులు. ఫలితం వచ్చాక ఆ నీళ్లతో ఎవరికేం పని?

ఎందుకు దాచావమ్మా అని అడిగాను.

"సాక్షిని ఎవలన్న పారబోస్తరా సారూ?" అంది.

స్కూటరు భాయ్‌కు వదిలి, ఆమెనూ వెంటబెట్టుకుని నేను బస్సెక్కాను. దారి పొడుగునా సీసాను ఒళ్లోనే పెట్టుకుంది. నాకు వేరే భయం పట్టుకుంది. ఫ్లోరైడ్ ప్లాస్టిక్ సీసాలో నెలలు గడిచినా చెక్కుచెదరదని నాకు తెలుసు. గాజు సీసా అయితే అనుమానించాలి. కాని ఇన్నాళ్లు అంగన్‌వాడీ మూటల వెనక ఉన్న నీళ్లను మా సారు ఒప్పుకోవాలి, పైవాళ్లు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ చిన్నవాడు ఎన్నేళ్లు ఆ నీళ్లే తాగాలో.

సారు సీసాను కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి లక్కను తిప్పి తిప్పి చూశారు. ఎన్నేళ్లుగానో విసుక్కున్న లక్క అది. భాయ్ ఉంగరం తీసి ఇస్తే గుర్తుతో కలిపి చూసుకున్నారు. "పగలగొట్టు. నేను సంతకం పెడతాను. తప్పంటే నన్ను నందికొండకు బదిలీ చేస్తారు, చేయనీ. అక్కడ కృష్ణ ఒడ్డున తాగడానికి నీళ్లైనా బాగుంటాయి" అన్నారు.

లక్క పగలగొట్టాను. టీచరమ్మ నా పక్కనే నిలబడింది. నీళ్లు కొలిచి, ఎర్ర మందు కలిపాను. నాళికలో ఎరుపు మా కళ్ల ముందే వెలిసిపోయింది, పాత చీర రంగంతే మిగిలింది. ఏమైంది సారూ అని అడిగింది. చెడ్డ నీళ్లమ్మా, బాగా చెడ్డవి అన్నాను. ఆమె చేతులెత్తి దండం పెట్టింది. ఎవరికి పెట్టిందో తెలియదు. నా ఉద్యోగంలో ఎంతమందికి ఆ మాట చెప్పానో లెక్కలేదు. చెడ్డవని తేలినందుకు సంతోషపడిన మనిషిని చూడటం అదే మొదటిసారి.

మా ఇంటికి తీసుకెళ్లి ఆమె చూస్తుండగానే ఆ ఫలితం సర్వర్‌లోకి ఎక్కించాను. నా భార్య ఆమెకు అన్నం పెట్టి, ఫ్లాపీల సంగతి తనే చెప్పుకుంది. ఇద్దరు ఆడవాళ్లూ కాసేపు నవ్వుకున్నారు. ఆ తరవాత టీచరమ్మ పెట్టె వైపు తిరిగి, "గీ డబ్బ మళ్ల ఖరాబైతె?" అని అడిగింది.

గర్వంగా చెప్పాను. ఇప్పుడు లోపల రెండు డిస్కులున్నాయి, ఒకటి పోతే ఇంకొకటి ఉంటుంది. ఒక కాపీ ల్యాబులో, ఒకటి భాయ్ ఇంట్లో. ఫ్లాపీలకు ఇకనుంచి దూరం నుంచే దండం. ఆమె అంతా శ్రద్ధగా విని, బాగున్నదంది. ఆ వెంటనే, సీసాలో మిగిలిన నీళ్లు తనకు ఇచ్చేయమంది. భాయ్ లక్క కరిగించి, మూతి మళ్లీ బిగించి, ఉంగరం ఒత్తి ఇచ్చాడు.

జాబితాలో ఆ ఊరు ఎక్కింది. ఎక్కినంత తొందరగా నీళ్లు రాలేదు. మన పనులు తెలిసినవే కదా. గొట్టాలు వచ్చి రోడ్డు పక్కన పడుకున్నాయి, మళ్లీ లేచాయి. చివరికి నీళ్లు వచ్చాయి. నేను రిటైరయ్యే ముందు ఒకసారి అటు వెళ్లినప్పుడు టీచరమ్మ ఇంటికి పోయాను. చిన్నవాడు కబడ్డీలో మోకాలు చెక్కుకుని వచ్చి, తల్లి చేత తిట్లు తింటున్నాడు. దెబ్బ తగిలిన ఆ కాలు తిన్నగా ఉంది. అడగకుండానే చూశాను. పెద్దవాడు రోడ్డు మీద ఫోను బూత్‌లో కూర్చుంటున్నాడట. పొద్దున తమ్ముడే సైకిలు మీద దింపి వస్తాడట. వాడి కాళ్లకు ఏ నీళ్లూ ఏమీ చేయలేవు. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

నల్లా నీళ్లు గ్లాసులో పట్టి ఇచ్చింది. తాగుతుంటే గూట్లో ఆ సీసా కనిపించింది. లక్క నల్లబడింది కాని పగల్లేదు. ఇంకా ఎందుకమ్మా, ఇక పారబోయవచ్చు కదా, అవసరం తీరిందిగా అన్నాను.

"నేను పారబోస్తనంటనే ఉన్న సారూ. పెద్దోడు పొయ్యనిస్తలేడు" అంది. "నా కాళ్లు అండ్లనే ఉన్నయే అమ్మా, ఉండనియ్యి అంటడు."